క్వెన్యాలో మామూలు మాటలు మాట్లాడటం ఎలా?

'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రచయిత టోల్కీన్ సృష్టించిన ఎల్ఫ్‌ల భాషల్లో క్వెన్యా నేర్చుకోవడం మొదలుపెట్టాను. ముందు వాళ్లదే మరో భాష సిందారిన్ చూశాను కానీ, స్నేహితుడనే అర్థమున్న 'మెల్లోన్' ముందు ఇంగ్లిష్ 'the' లాంటి 'ఇ' చేరగానే 'ఇ వెల్లోన్' అయిపోతోంది. పదం మొదలే మారిపోతుంటే టెన్షన్ వచ్చి పక్కన పెట్టేశాను. క్వెన్యా మనవాళ్లకు కాస్త సులువే. 'కిర్య' ఓడ, 'కిర్యన్న' ఓడకు, 'కిర్యల్లో' ఓడ నుంచి. మన విభక్తుల్లాగే చివర తగిలిస్తే సరి.

చిక్కల్లా మాటల దగ్గరే. నక్షత్రాలు, చెట్లు, సముద్రం గురించి పదాలు బోలెడు. "ఆలస్యమైంది, రేపు మాట్లాడదాం" అనాలంటే మాత్రం నోరు పెగలదు. అభిమానులు కట్టిన పదాల జాబితాలు ఉన్నాయి గానీ, వాటిలో ఏది టోల్కీన్ రాసిందో, ఏది తర్వాత పుట్టించిందో తెలియడం లేదు. పైగా ఆయనే జీవితాంతం వ్యాకరణం మారుస్తూ పోయారాయె! పాత రూపాలు, కొత్త రూపాలు కలగాపులగంగా దొరుకుతున్నాయి.

అసలు ఏ కాలపు రూపాలు పట్టుకోవాలి? కొత్తగా పుట్టించిన పదాలు వాడితే తప్పా? నాకైతే అవి లేకుండా సంభాషణ నడవదనిపిస్తోంది. ఈ భాషలు రాయడానికి ఆయనే తయారుచేసిన టెంగ్వార్ లిపి ఇప్పుడే మొదలుపెట్టాలా, కొన్నాళ్లు రోమన్ అక్షరాలతో నెట్టుకురావచ్చా? ఇంకొకరితో నాలుగు మాటలు తడుముకోకుండా మాట్లాడగలిగేవాళ్లు ఉంటే, మొదట ఏం నేర్చుకున్నారో చెప్పండి.