డ్రాప్ సి మెటల్ రిథమ్‌కి బ్రిడ్జ్ పికప్: యాక్టివా, పాసివా? ఓమ్‌లు చూసి కొనొచ్చా?

డ్రాప్‌సి_27:

అందరికీ నమస్కారం. గిటార్ 6 తీగలది. స్కేల్ 25.5 అంగుళాలు, బాస్‌వుడ్ బాడీ, ఫిక్స్‌డ్ బ్రిడ్జ్, రెండు హంబకర్లు (హమ్ తగ్గేలా రెండు కాయిల్స్ కలిపిన పికప్‌లు; పికప్ అంటే తీగ కదలికని సిగ్నల్‌గా మార్చేది). ట్యూనింగ్ డ్రాప్ సి (లావు తీగ ఇ నుంచి సికి దించినది), తీగలు 10–46 సెట్ (మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో). ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి నేరుగా ల్యాప్‌టాప్‌లో ఆంప్ సిమ్‌కి (ఆంప్లిఫయర్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) వెళ్తుంది, మధ్యలో పెడల్ ఏదీ లేదు.

లావు తీగ మీద వేగంగా పామ్ మ్యూట్ చేస్తే (అరచేతి అంచు తీగకి ఆనించి కొడితే) దెబ్బలు విడివిడిగా వినపడవు, అంతా ముద్దగా కలిసిపోతోంది. గెయిన్ తగ్గిస్తే బరువు పోతోంది. పికప్‌లు మార్చాలనుకుంటున్నాను. పరిశీలనలో ఉన్నవి: పాసివ్‌లో సీమోర్ డంకన్ వాళ్ల జేబీ, డిస్టార్షన్, నజ్‌గుల్ అనే మూడు మోడళ్లు; యాక్టివ్‌లో (బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ ఉన్నవి) ఈఎంజీ 81, ఫిష్‌మన్ ఫ్లూయెన్స్ మోడర్న్. ఓమ్‌లు ఎక్కువ ఉన్నదే మెటల్‌కి మంచిదా? యాక్టివ్ అయితే బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది? సోల్డరింగ్ వచ్చు.

వైండింగ్_42:

ముందు ఓమ్‌ల సంగతి. డీసీ రెసిస్టెన్స్ అంటే చుట్టిన రాగి తీగ ఎంత పొడవుంది, ఎంత సన్నగా ఉంది అనేదే. చుట్లు అవే ఉంచి, తీగ గేజ్ 42 నుంచి 44కి మారిస్తే ఓమ్‌లు బాగా పెరుగుతాయి, సిగ్నల్ మాత్రం ఆ లెక్కన పెరగదు. మీ జాబితాలోనే ఉదాహరణ ఉంది. జేబీ, డిస్టార్షన్ రెండూ 16 కె (కిలో ఓమ్‌లు) పైచిలుకే. కానీ జేబీలో ఆల్నికో 5 (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ మిశ్రమం) అయస్కాంతం, డిస్టార్షన్‌లో సిరామిక్. వింటే రెండూ వేర్వేరు పికప్‌లు. నజ్‌గుల్ దాదాపు 13.6 కె మాత్రమే, అయినా డిస్టార్షన్ కంటే మెతక అని ఎవరూ అనరు. ఇంకో మాట: రాగి రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల గదిలో 16 కె చూపించిన పికప్, మన ఎండాకాలం మధ్యాహ్నం 40 డిగ్రీల్లో 17.2 కె చూపిస్తుంది. అంతమాత్రాన అది హాట్ పికప్ అయిపోదు. ఈ సంఖ్య తెగిన కాయిల్‌ని పట్టుకోవడానికి పనికొస్తుంది. కొనడానికి కొలమానం కాదు.

మీరు చూడాల్సింది లో ఎండ్ ఎంత బిగువుగా ఉంది, మిడ్స్ ఎక్కడ లేస్తున్నాయి అనేది. చుట్లు ఎక్కువైన కొద్దీ ఇండక్టెన్స్ పెరిగి, పికప్ రెజొనెన్స్ (అది ఎక్కువగా పలికే ఫ్రీక్వెన్సీ) కిందికి జారుతుంది. పై అంచు మొద్దుబారుతుంది. పిక్ తగిలే 'టక్' అక్కడే ఉంటుంది కాబట్టి, మీరు చెప్పిన ముద్ద ఇంకా ముదురుతుంది. మీ పనికి ఈ మూడు పాసివ్‌లలో నజ్‌గుల్ నా మొదటి ఎంపిక, డిస్టార్షన్ రెండోది. జేబీ లీడ్‌కి గొప్ప పికప్. డ్రాప్ సిలో మాత్రం దాని కింది భాగం వదులుగా ఉంటుంది.

అలాగని సిరామిక్ అంటే బిగువు, ఆల్నికో అంటే మెతక అని సూత్రం కట్టుకోకండి. డంకన్ పెగాసస్ ఆల్నికో 5 పికపే, ప్రోగ్ మెటల్ వాళ్లు హాయిగా వాడుతున్నారు. బేర్ నకిల్ జగర్‌నాట్ బ్రిడ్జ్‌లో రెండు రకాల అయస్కాంతాలూ కలిపి పెట్టారు.

ట్రాక్‌రూమ్:

పికప్ కొనేముందు మూడు పనులు చేయండి. ఈ ముద్దలో సగం పైన మీ తీగల వల్లే అని గట్టిగా చెప్పగలను.

46 గేజ్ తీగ 25.5 స్కేల్ మీద ఇ ట్యూనింగ్‌లో సుమారు 17.5 పౌండ్ల బిగువుతో ఉంటుంది. సికి దించితే 11 పౌండ్లే మిగులుతుంది. ఫ్రీక్వెన్సీ 82.4 హెర్ట్జ్ నుంచి 65.4కి దిగితే, బిగువు దాని వర్గానికి అనుపాతంలో, అంటే 37 శాతం, పడిపోతుంది. అంత వదులు తీగని గట్టిగా కొడితే స్వరం ముందు పైకి లేచి తర్వాత కిందికి జారుతుంది. ఏ పికప్ పెట్టినా అది పోదు. లావు తీగ 56 వేయండి, బిగువు 16 పౌండ్ల దాకా వస్తుంది. 11–56 లాంటి సెట్లు దొరుకుతాయి. 56 తీగ నట్ (మెడ చివర తీగలు కూర్చునే పట్టీ) గాడిలోకి పూర్తిగా దిగకుండా పైన కూర్చుంటే మొదటి ఫ్రెట్లలో శ్రుతి తప్పుతుంది. గాడిని ఫైల్‌తో వెడల్పు చేయాలి, లోతు పెంచకూడదు. తర్వాత ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే కడ్డీ), ఇంటొనేషన్ (అన్ని ఫ్రెట్లలో శ్రుతి) మళ్లీ సరిచూసుకోవాలి.

రెండోది పికప్ ఎత్తు. చివరి ఫ్రెట్ దగ్గర తీగని నొక్కి పట్టి, తీగ అడుగు నుంచి పికప్ పోల్ (తీగ కింది లోహపు ముక్క) పైభాగం దాకా కొలవండి. బ్రిడ్జ్ పికప్‌కి లావు తీగ వైపు 2.5 మి.మీ., సన్న తీగ వైపు 2 మి.మీ. దగ్గర మొదలుపెట్టి, పావు మిల్లీమీటరు చొప్పున జరుపుతూ వినండి. చాలామంది దగ్గరికి తెచ్చేస్తే హెవీ అవుతుందనుకుంటారు. అప్పుడు లావు తీగ మిగతావాటిని మింగేస్తుంది. సిరామిక్ అయస్కాంతం మరీ దగ్గరైతే తీగని లాగి, స్వరంలో వణుకు తెస్తుంది, సస్టెయిన్ తగ్గిస్తుంది.

మూడోది మీకు అసలే లేనిది: ఆంప్ ముందు ఓవర్‌డ్రైవ్. ట్యూబ్ స్క్రీమర్ తరహా ప్లగిన్ పెట్టి డ్రైవ్ 0, లెవెల్ పూర్తిగా, టోన్ మధ్యలో ఉంచండి. ఆ సర్క్యూట్‌లో క్లిప్పింగ్ దశ 720 హెర్ట్జ్ కింద గెయిన్ తగ్గించుకుంటూ పోతుంది. ఆంప్ డిస్టార్షన్‌లోకి బేస్ ఎక్కువ వెళ్తే ముందు అదే తెగి, మిగతా స్వరాన్ని కప్పేస్తుంది. బేస్‌ని ముందు కోసి, కావలసింది ఆంప్ తర్వాత ఈక్యూతో తిరిగి ఇవ్వాలి. మోడర్న్ రిథమ్ టోన్‌కి పునాది ఇదే. ఇది పెట్టాక గెయిన్ తగ్గించినా బరువు పోదు.

నైన్‌వోల్ట్:

ట్రాక్‌రూమ్ గారు చెప్పిన మూడూ చేయాల్సిందే. కానీ పికప్ మార్చడమంటూ ఉంటే, ఈ పనికి నేను యాక్టివ్‌నే చెబుతాను. ఈఎంజీ 81లో సిరామిక్ అయస్కాంతం, లోపలే ప్రీఆంప్. బయటికి వచ్చేది లో ఇంపీడెన్స్ సిగ్నల్ కాబట్టి కేబుల్ 3 మీటర్లయినా 6 మీటర్లయినా పై ఫ్రీక్వెన్సీలు అలాగే ఉంటాయి. లో ఎండ్ సన్నగా, గట్టిగా ఉంటుంది. క్లీన్ టోన్ కాస్త పొడిగా అనిపిస్తుంది, అది నిజం. అందుకే నెక్‌లో 60 గానీ 85 గానీ పెడతారు.

బ్యాటరీకి భయపడక్కర్లేదు. 81 ఒక్కటి 80 మైక్రో ఆంప్‌ల దగ్గర లాగుతుంది. జత మీద 9 వోల్ట్ ఆల్కలైన్ బ్యాటరీ వెయ్యి గంటలు దాటుతుంది. ఫ్లూయెన్స్ అలా కాదు, 200 గంటల దరిదాపు. బదులుగా ఒకే పికప్‌లో రెండు వాయిస్‌లు ఇస్తుంది, పుష్ పుల్ (లాగి, నొక్కే నాబ్)తో మార్చుకోవచ్చు. క్లీన్ కూడా ఎక్కువ వాయిస్తే ఫ్లూయెన్స్ తీసుకోండి, రిథమే ప్రాణమైతే 81.

పొరపాట్లు జరిగే చోట్లు చెబుతాను. యాక్టివ్‌కి 25 కె పాట్లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది పొటెన్షియోమీటర్లు) కావాలి. పాత 500 కె ఉంచేస్తే వాల్యూమ్ నెమ్మదిగా తగ్గదు, స్విచ్‌లా ఒక్కసారిగా పడిపోతుంది. జాక్ స్టీరియోది (టిప్, రింగ్, స్లీవ్ అనే మూడు కాంటాక్టులున్నది) ఉండాలి. బ్యాటరీ నల్ల వైరు రింగ్‌కి వెళ్తుంది. కేబుల్ గుచ్చినప్పుడు రింగ్, స్లీవ్ కలిసి సర్క్యూట్ పూర్తవుతుంది. ఆ వైరు స్లీవ్‌కే అతికిస్తే బ్యాటరీ రాత్రీ పగలూ అయిపోతూనే ఉంటుంది. వాయించడం అయ్యాక కేబుల్ తీసేయడం మరవకండి. బ్యాటరీ తగ్గితే వాల్యూమ్ పడి, గట్టిగా కొట్టిన చోట బొంగురుగా చిట్లుతుంది. రెండూ ఈఎంజీలైతే బ్రిడ్జ్ నుంచి వచ్చే గ్రౌండ్ వైరు అక్కర్లేదు. బ్రిడ్జ్‌లో యాక్టివ్, నెక్‌లో పాసివ్ కలపాలని మాత్రం చూడకండి. పాట్లు ఎవరికీ కుదరవు.

కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. నల్ల మూత చూసి యాక్టివ్ అనుకోవద్దు. ఆ ఆకారంలో పాసివ్ పికప్‌లు, ఈఎంజీ పేరుతో నకిలీలు, రెండూ మార్కెట్లో ఉన్నాయి.

డ్రాప్‌సి_27:

చాలా థాంక్స్. 56 తీగ, ఓవర్‌డ్రైవ్ ప్లగిన్ పెట్టి విన్నాను. దెబ్బలు విడిపోయాయి. గెయిన్ 8 నుంచి 5కి దించాను. ఇంకా మిడ్స్‌లో కాస్త మొద్దుతనం ఉంది కాబట్టి పికప్ కూడా మారుస్తాను. బ్యాటరీకి చోటు చెక్కడం ఇష్టం లేదు, నజ్‌గుల్ వైపు మొగ్గుతున్నాను. బ్రిడ్జ్ దగ్గర మొదటి తీగ నుంచి ఆరో తీగకి దూరం 52.5 మి.మీ. వచ్చింది. నెక్ పికప్ పాతదే ఉంచొచ్చా? ఇంకొకటి, ఛార్జర్ పెట్టినప్పుడు గుయ్‌మనే హమ్ వస్తోంది, తీగలు ముట్టుకుంటే తగ్గుతోంది.

వైండింగ్_42:

52.5 అంటే వెడల్పు స్పేసింగ్ ఉన్నదే తీసుకోండి. డంకన్‌లో దాన్ని ట్రెంబకర్ అంటారు. 49 మి.మీ.ది పెడితే చివరి తీగలు పోల్‌ల బయటికి జరుగుతాయి.

వైర్లు: డంకన్‌లో నలుపు హాట్ (సిగ్నల్ వైరు), పచ్చ, బేర్ వైరు కలిపి గ్రౌండ్. ఎరుపు, తెలుపు ఒకదానికొకటి అతికించి టేపు చుట్టేయండి, ఎక్కడా తగలకూడదు. డిమార్జియో రంగులు వేరు, అందులో ఎరుపు హాట్. ఒకదాని పటం చూసి ఇంకోదానికి అతికించడమే ఎక్కువగా జరిగే తప్పు. పాట్లు 500 కె, టోన్ కెపాసిటర్ 0.022 మైక్రో ఫారడ్.

మూత బిగించే ముందు కేబుల్ గుచ్చి, వాల్యూమ్, టోన్ పూర్తిగా పెట్టి, కేబుల్ అవతలి చివర టిప్‌కీ స్లీవ్‌కీ మధ్య కొలవండి. 13.6 కె పికప్, 500 కె పాట్ సమాంతరంగా ఉంటాయి కాబట్టి 13.2 దగ్గర రావాలి. సగం వస్తే ఒక కాయిలే పనిచేస్తోంది, ఎరుపు తెలుపు జాయింటు చూడండి. 500 దగ్గర వస్తే పికప్ కలవలేదు. సున్నా అయితే షార్ట్.

నెక్ పాతదే ఉంచొచ్చు. రెండూ కలిపినప్పుడు శబ్దం పల్చగా, ముక్కుతో పలికినట్టు వస్తే ఫేజ్ తిరగబడింది. కొత్త పికప్‌లో నలుపు, పచ్చ అటూ ఇటూ మార్చండి, బేర్ వైరు మాత్రం గ్రౌండ్‌లోనే ఉండాలి.

ట్రాక్‌రూమ్:

హమ్ గురించి: ముట్టుకుంటే తగ్గుతోందంటే బ్రిడ్జ్ గ్రౌండ్ సరిగానే ఉంది. షీల్డింగ్ లేదు. పికప్ మార్చేటప్పుడే గుంతల్లో రాగి టేపు వేసి, ముక్కలన్నీ ఒకదానికొకటి కలిసేలా చుక్క చుక్క సోల్డర్ పెట్టి, గ్రౌండ్‌కి కలపండి. నజ్‌గుల్ పాసివ్ కాబట్టి బ్రిడ్జ్ వైరు తీయొద్దు. ఛార్జర్ రెండు పిన్నులదైతే ఎర్త్ ఉండదు. ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడిపి చూడండి. హమ్ ఆగితే దోషం గిటార్‌ది కాదు. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల అడాప్టర్, ఇంట్లో సాకెట్‌కి నిజంగా ఎర్త్ వచ్చిందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించడం, ఈ రెండూ చేశాకే నాయిస్ గేట్ (చిన్న శబ్దాల్ని కోసేసేది) పెట్టండి. గేట్‌ని మరీ పైకి పెడితే పామ్ మ్యూట్ల తోకలు తెగిపోతాయి.