‘పైకి’ అంటే ఎటు పైకి? రిమోట్ విమానం ట్రాన్స్‌మిటర్ అమరికలో దిక్కుల మాటలు

ప్రశ్న:
రిమోట్ విమానం కొత్తగా ఎగరేసేవారి కోసం ట్రాన్స్‌మిటర్ (చేతిలో పట్టుకుని రెండు స్టిక్‌లతో విమానాన్ని నడిపే పరికరం) అమరికపై తెలుగులో సూచనలు రాస్తున్నాను. ఐలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక), ఎలివేటర్ (తోక దగ్గర అడ్డంగా ఉండే పలక), రడ్డర్ (తోక దగ్గర నిలువుగా ఉండే పలక), థ్రాటిల్ (మోటారు వేగాన్ని పెంచి తగ్గించేది), సర్వో (పలకలను కదిపే చిన్న మోటారు) అనే మాటలను అలాగే ఉంచాను. వాటికి బదులు కొత్త పదాలు కట్టే ఉద్దేశం లేదు, దయచేసి అటు వెళ్లకండి. నాకు చిక్కు వచ్చింది అచ్చ తెలుగు మాటల దగ్గరే. ‘స్టిక్ పైకి అంటే ఎలివేటర్ కిందికి, అప్పుడు విమానం కిందికి’ అని రాసి చదువుకుంటే నాకే తల తిరిగింది. పైకి, కిందికి, కుడి, ఎడమ అనే నాలుగు మాటలతో ఈ పని గట్టెక్కేదెలా?

స్పందన:
మాటలు చాలక వచ్చిన చిక్కు కాదండీ ఇది. ఒక్క ‘పైకి’ని మూడు వస్తువులకు అంటగట్టారు. వేలి కింద కదిలే స్టిక్, తోక దగ్గర కదిలే పలక, గాలిలో విమానం ముక్కు. మూడింటికీ వేర్వేరు క్రియలు పంచి ఇవ్వండి. స్టిక్‌ను ముందుకు నెడతాం, వెనక్కి లాగుతాం. దానికి పైకీ కిందికీ లేనే లేవు. పలక లేస్తుంది, వాలుతుంది. విమానం ముక్కు ఎత్తుతుంది, దించుతుంది. ‘స్టిక్‌ను మీ వైపు లాగితే ఎలివేటర్ పలక లేవాలి, గాలిలో ముక్కు ఎత్తించేది అదే’ అని రాస్తే పక్కన బొమ్మ కూడా అక్కర్లేదు.

ఐలరాన్ దగ్గర ఇంకా జాగ్రత్త పడాలి. స్టిక్‌ను కుడికి జరిపితే కుడి రెక్క మీది ఐలరాన్ లేస్తుంది, ఎడమ రెక్క మీది వాలుతుంది. దానివల్ల కుడి రెక్క దిగి విమానం కుడికి ఒరుగుతుంది. పలక లేస్తే రెక్క దిగడమేమిటని కొత్తవారి బుద్ధి ఎదురు తిరుగుతుంది. ‘కుడికి అంటే కుడి పక్క కిందికి’ అని మీరు రాశారనుకోండి, నేల మీద కుడి ఐలరాన్ వాలడం చూసి అంతా సరిగానే ఉందనుకుంటారు. అలా తిరగబడిన ఐలరాన్‌తో లేచిన విమానం సరిదిద్దే కొద్దీ మరింత ఒరుగుతుంది. మొదటి ఎగురుడు క్షణాల్లో ముగుస్తుంది. అందుకే ఆ వాక్యంలో ‘రెక్క’ ఎక్కడ, ‘పలక’ ఎక్కడ అన్నది వ్యాకరణం కన్నా పెద్ద సంగతి.

అడిగినవారు:
క్రియలు పంచడం బాగుంది. మరి ఇలా తిరగబడిన దాన్ని సరిచేసే ‘రివర్స్’ అమరికను ఏమనాలి? ‘తలకిందులు చేయండి’ అని రాశాను.

స్పందన:
తలకిందులు వద్దు. సర్వోకు ట్రాన్స్‌మిటర్ నుంచి అందే ఆదేశం ఒక పల్స్ (క్షణకాలపు విద్యుత్ సంకేతం) నిడివి: మధ్య స్థానానికి సుమారు 1,500 మైక్రోసెకన్లు, రెండు కొసలకు ఇంచుమించు 1,000, 2,000. రివర్స్ చేస్తే 1,200 ఉండాల్సిన చోట 1,800 వెళుతుంది. మధ్య మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కొసలు ఒకదాని చోటికి మరొకటి వచ్చాయి కాబట్టి దీనికి ‘తారుమారు’ అతికినట్టు సరిపోతుంది. ‘కదలిక తారుమారైతే ఆ ఛానల్‌కు రివర్స్ పెట్టండి’ అనండి (ఛానల్ అంటే ఐలరాన్, ఎలివేటర్ వంటి ఒక్కోదానికి ఆదేశం వెళ్లే దారి). మెనూలో కనిపించే మాట రివర్సే కనుక దాన్ని తీసేయకండి. సర్వోను విప్పడం, తీగలు మార్చడం అక్కర్లేదని కూడా చెప్పండి.

మరొకరు:
పాత మాటలు రెండు గుర్తుకొస్తున్నాయి. కాడికి కట్టిన జతలో ఎడమదాన్ని దాపటి ఎద్దు అని, కుడిదాన్ని వలపటి ఎద్దు అని అంటారు. దాపల అంటే ఎడమ, వలపల అంటే కుడి. జత ఎటు తిరిగినా, చూసేవారు ఎదురుగా వచ్చి నిలబడినా దాపటిది దాపటిదే. ఓడల్లో పోర్ట్, స్టార్‌బోర్డ్ చేసే పని ఇదే కదా! ‘వలపటి రెక్క’ అంటే మన కుడా, విమానం కుడా అన్న పేచీ ఉండదు.

మొదట స్పందించినవారు:
మంచి మాటలు, వాడాలని నాకూ ఉబలాటమే. కానీ చేతిలో ట్రాన్స్‌మిటర్ పట్టుకున్న మనిషి నిఘంటువు తెరవడు. విమానం కుడి అంటే అందులో ముందుకు చూస్తూ కూర్చున్నవారి కుడి అని ఒక్కసారి చెప్పి, నేల మీద చేసే పరీక్షంతా తోక వెనక నిలబడి చేయమంటే రెండు కుడులూ ఒకటైపోతాయి. గాలిలో విమానం ఎదురుగా వస్తున్నప్పుడైతే కుడి ఎడమల ఊసే ఎత్తకండి. ‘దిగిన రెక్క ఎటు కనిపిస్తే అటు స్టిక్ జరపండి’ అంటే చాలు, రెక్కలు సమమవుతాయి.

ఇంకో సంగతి. ‘కుడి స్టిక్’ అని కూడా రాయకండి. ఏ స్టిక్ ఏ పని చేస్తుందన్న అమరికను మోడ్ అంటారు. మోడ్ 2లో ఎలివేటర్, ఐలరాన్ రెండూ కుడి చేతి కింద ఉంటాయి. థ్రాటిల్, రడ్డర్ ఎడమ చేతి కింద. మోడ్ 1లో ఎలివేటర్, థ్రాటిల్ చేతులు మారతాయి. ‘ఎలివేటర్ స్టిక్’ అంటే ఏ మోడ్‌లోనైనా నిలుస్తుంది. లేకపోతే ‘కుడి స్టిక్‌ను కుడికి’ అని ఒకే మాటను రెండు అర్థాల్లో వాడాల్సి వస్తుంది.

ఇంకొకరు:
దిక్కులతో పాటు ‘ఎక్కువ, తక్కువ’ కూడా చూసుకోండి. ఎక్స్‌పో అంటే స్టిక్ మధ్య దగ్గర పలక ఎంత చురుగ్గా కదలాలో మార్చే అమరిక. ‘ఎక్స్‌పో తగ్గించండి’ అంటే ఏం చేయాలి? స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు పలక చురుకు తగ్గాలంటే ఫుటాబా కంపెనీ ట్రాన్స్‌మిటర్‌లో మైనస్ అంకె వేయాలి, స్పెక్ట్రమ్ కంపెనీ దానిలో ప్లస్ వేయాలి. ఒకరి 30 శాతాన్ని గుర్తుతో సహా మరొకరు దించుకుంటే, నెమ్మదించాల్సిన విమానం చిన్న కదలికకే ఉలికిపడుతుంది. అంకెతో మొదలుపెట్టకుండా, రావాల్సిన ఫలితం చెప్పండి: ‘స్టిక్‌ను మధ్య నుంచి కొద్దిగా జరిపినప్పుడు పలక కొద్దిగానే కదలాలి, కొస దాకా జరిపితే పూర్తిగా కదలాలి’. ట్రిమ్‌కూ (స్టిక్ మధ్యలో ఉన్నప్పటి పలక స్థానాన్ని కొద్దిగా సర్దే మీట) అంతే. స్టిక్ వదిలేసినా విమానం ఎడమకు పోతుంటే ట్రిమ్ కుడికి నొక్కాలి. ‘పోతున్న వైపుకు ఎదురుగా’ అన్న మాట అన్నిటికీ సరిపోతుంది. నేల మీద పలక వంకరగా ఉంటే మాత్రం ముందు సర్వోను పలకకు కలిపే కడ్డీ పొడవు సరిచేయమనండి. ట్రిమ్‌ను గాలిలో అవసరానికి దాచుకోవాలి.

ట్రాన్స్‌మిటర్‌ను విమానంలోని రిసీవర్‌తో కలిపే ‘బైండ్’కు ‘జతచేయడం’ అనే మాట చక్కగా సరిపోతుంది. ‘ఫెయిల్‌సేఫ్’ను అలాగే ఉంచి, పక్కన ‘సిగ్నల్ తెగితే మోటారు ఆగాలి’ అని రాస్తే చాలు.

అడిగినవారు:
అందరి సలహాలతో మార్చిన పేరా ఇది:

‘ట్రాన్స్‌మిటర్ ముందు, విమానం తరువాత ఆన్ చేయండి. ఆపేటప్పుడు విమానాన్ని ముందు ఆపండి. తోక వెనక నిలబడండి. ఎలివేటర్ స్టిక్‌ను మీ వైపు లాగండి: ఎలివేటర్ పలక లేవాలి. ఐలరాన్ స్టిక్‌ను కుడికి జరపండి: కుడి రెక్క మీది పలక లేవాలి, ఎడమది వాలాలి. రడ్డర్ స్టిక్‌ను కుడికి జరపండి: రడ్డర్ వెనక అంచు కుడికి తిరగాలి. ఏది తారుమారైతే ఆ ఛానల్‌కు రివర్స్ పెట్టి మళ్లీ చూడండి. చివరగా థ్రాటిల్ కొద్దిగా పెంచి ట్రాన్స్‌మిటర్ ఆపేయండి: మోటారు ఆగిపోవాలి. ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ సరిచేసేదాకా ఎగరేయకండి.’

మొదట స్పందించినవారు:
బాగుంది. మొదటి వాక్యానికి ముందు ‘ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టండి’ అని చేర్చండి. ‘వీలైతే’ అనే మాట మాత్రం దాని పక్కకు రానివ్వకండి.