వడ్ల మీద బండి స్కిడ్ అయింది.. మణికట్టు నొప్పి, హ్యాండిల్ తేడా, క్లెయిమ్ పెట్టాల్నా వద్దా?

హుస్నాబాద్ పిల్లగాడు:
అన్నలూ ఒక సలహా కావాలె. మొన్న రాత్రి డ్యూటీ అయిపోయినంక సిద్దిపేట నుంచి హుస్నాబాద్ దిక్కు వస్తున్న, మధ్యల ఒక ఊరు దాటంగనే రోడ్డు సగం దాకా వడ్లు పోసి పైన నల్ల పట్టా కప్పి అంచు పొంటి బండరాళ్లు పెట్టిర్రు, ఎదురుంగ డీసీఎం వాడు ఫుల్ లైట్ ఏసుకొని వస్తుండు, పట్టా దగ్గరికి పోయేదాకా ఏం కనవడలే. పక్కకు కోసిన గని అక్కడ చెదిరిన వడ్లున్నయి, ముందు టైరు సర్రున జారి ఎడమ దిక్కు పడ్డ. 40 లోపే ఉన్న. హెల్మెట్ ఉండె, దానికి పక్కన గీతలు పడ్డయి తలకైతే ఏం కాలే. మోకాలు, మోచేయి గీసుకపోయినయి, అమ్మ పసుపు పెట్టింది.

ఇప్పుడు సంగతేందంటే ఎడమ చెయ్యి బొటనవేలు కింద మణికట్టు కాడ నొప్పి తగ్గుతలేదు, వాపు పెద్దగ లేదు. బండి 2021 మోడల్ 125 సీసీ, గేర్ రాడ్ వంగింది, క్లచ్ లివర్ కొస ఇరిగింది, సీదా రోడ్డు మీద పోతుంటే హ్యాండిల్ ఎడమకు తిరిగి ఉన్నట్టు అనిపిస్తుంది. ఇన్సూరెన్స్ ఫుల్లే, ఎన్సీబీ (క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంల ఇచ్చే డిస్కౌంట్) 35 శాతం ఉంది, క్లెయిమ్ పెడితే అది పోతదంటున్నరు. ఏం చేయమంటరు?

నైట్‌డ్యూటీ సిస్టర్:
తమ్ముడూ బండి సంగతి తర్వాత, ముందు చెయ్యి చూపించుకో. నేను క్యాజువాల్టీలో చేస్తాను, బండి మీద నుంచి పడ్డవాళ్లు అరచెయ్యి ఆనించి పడతారు, అప్పుడు బొటనవేలు మొదట్లో ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లుతుంది. బొటనవేలు పైకి లేపి చూడు, మణికట్టు దగ్గర రెండు నరాల్లాంటివి లేచి మధ్యలో చిన్న గుంట పడుద్ది, ఆ గుంటలో వేలితో నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి వచ్చిందంటే ఆగకుండా ఆర్థో డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఇంకో విషయం, మొదటి ఎక్స్‌రేలో ఇది చాలాసార్లు కనపడదు, అందుకే అనుమానం ఉంటే పట్టీ వేసి పది పదిహేను రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. ఎక్స్‌రే బాగుందన్నారు కదా అని వదిలేసినవాళ్లే తర్వాత ఎముక అతుక్కోక మళ్లీ వస్తారు, దానికి రక్తం సరఫరా తక్కువ.

పసుపు ఏంటమ్మా మీ అమ్మగారు.. పెద్దావిడని ఏమీ అనలేం గానీ గాయంలో ఇసుక, మట్టి లేకుండా సబ్బు నీళ్లతో కడగాలి, తర్వాతే ఏదైనా. టీటీ (ధనుర్వాతం సూది) ఎప్పుడు వేయించుకున్నావ్? మట్టి గాయం కాబట్టి ఐదేళ్లు దాటితే వేయించేసుకో. తలకి ఏం కాలేదన్నావు, మంచిదే, అయినా వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తుగా ఉండటం, మాట తడబడటం ఇట్లాంటివి ఏవన్నా కనపడితే ఎమర్జెన్సీకే.

పానా శీను:
గేర్ రాడ్ వంగింది లివర్ ఇరిగింది అంటే అదేం పెద్ద పని కాదు బ్రో, హ్యాండిల్ తేడా అంటున్నవ్ చూడు అది అసలు సంగతి. చాలా మంది పడ్డంక హ్యాండిల్ వంకరైంది అనుకుంటరు, సగం సార్లు వంగింది హ్యాండిల్ కాదు, ఫోర్కులు (ముందు షాకబ్జర్ రాడ్లు) వాటిని పట్టి ఉంచే టీ స్టెమ్‌లో మెలిక తిరిగి ఉంటయి. ముందు టైరుని రెండు మోకాళ్ల మధ్య గట్టిగ పట్టుకొని ముందు నుంచి చూడు, టైరు సీదాగ ఉన్నప్పుడు హ్యాండిల్ కూడ సీదాగ ఉందా. లేకుంటే టీ బోల్టులు, యాక్సిల్ లూజ్ చేసి సరి చేసుకొని టైట్ చేస్తే అయిపోతది, పైసల్ పెద్దగ పడవు. దాంతోటి సెట్ కాలేదంటే రాడ్డు వంగినట్టే, అప్పుడు రాడ్డు తీసి చూడాలె. ఫోర్క్ సీల్ దగ్గర ఆయిల్ తడి ఉందా అది కూడ చూస్కో. కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే కాడి బేరింగులు) కూడ, సెంటర్ స్టాండ్ ఏసి ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగ తిప్పు, మధ్యల ఎక్కడన్న టక్కుమని ఆగినట్టు అనిపిస్తే మార్చాల్సిందే.

ఒకటి ఎవ్వరూ చూడరు, బండి స్టార్ట్ చేసి ఐడిల్‌లో పెట్టి హ్యాండిల్ కుడికి ఎడమకు ఫుల్‌గ తిప్పు, ఆర్పీఎం పెరిగిందంటే యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడనో ఇరుక్కుంది. యూ టర్న్ తీస్కుంటప్పుడు బండి దానంతట అది ఉరుకుతది. ఇది చూడకుండ రోడ్డెక్కకు.

సిటీల తిరిగెటోడు:
రోడ్లు ఏమన్న వాళ్ల తాతలవా? ప్రతి సీజన్ ఇదే కథ. కేసు పెట్టు భయ్యా, ఒక్కడి మీద పడితే అందరు మానేస్తరు.

రెండెకరాల రైతు:
కేసు పెట్టమనుడు అలకగనే ఉంటది. మిషన్‌తోటి కోస్తే వడ్లు పచ్చిగ వస్తయి, తేమ ఇరవై పైనే ఉంటది, కొనుగోలు సెంటర్‌ల 17 శాతం దాటితే తీస్కోరు. ఊర్ల కల్లం లేదు, ఉన్న సెంటర్ జాగల ముందుగాల వచ్చినోళ్ల కుప్పలే ఉంటయి. వాన పడ్డదంటే మొలకలొస్తయి. తారు రోడ్డు మీద రెండు ఎండలకే ఆరతది, మట్టి అంటది గాదు. గంతే గని మాకేం సరదా లేదు.

అయితే ఒకటి మాత్రం నేను మావోళ్లకు కూడ చెప్త. పొద్దంత ఆరవోసుకోండ్రి, చీకటి కాంగనే కుప్ప జేసి రోడ్డు దింపాలె, నల్ల పట్టా కప్పి రాళ్లు పెట్టి ఇంటికి పోయి పండుడు తప్పే. ఆ రాళ్లకు తగిలితే బండోడు బతకడు. దింప చేతగాకపోతే కనీసం తెల్ల సంచులు కట్టాలె, మలుపు కాడనైతే పొయ్యనే పొయ్యొద్దు.

గోదారి గట్టు:
మా వైపు కాలవ గట్ల మీద కూడా ఇదే గొడవండి, కోతలప్పుడు రోజూ చూస్తాం. వడ్ల గింజలు టైరు కింద బాల్ బేరింగుల్లా దొర్లుతాయి, ముందు బ్రేకు ముట్టుకుంటే అంతే సంగతులు. నీది 125 అంటున్నావు కదా, దానికి కాంబీ బ్రేకు ఉంటది (2019 నుంచి 125 దాకా బళ్లకి అదన్నా ఉండాలి, ఆ పైన అయితే ఏబీఎస్, అంటే బ్రేకు కొడితే చక్రం బిగుసుకుపోకుండా చూసేది), అంటే కాలితో వెనక బ్రేకు నొక్కినా ముందు బ్రేకు కూడా కొంచెం పడుద్ది. చాలామందికి ఇది తెలీదు, నేను ముందు బ్రేకు వెయ్యలేదే ఎలా జారింది అంటారు. అందుకే స్పీడ్ తగ్గించడం అంతా గింజలు మొదలవ్వకముందే అయిపోవాలి, దాని మీదకి ఎక్కాక థ్రాటిల్ కదపకుండా, హ్యాండిల్ తిప్పకుండా, బండి వంచకుండా దూరంగా ఖాళీ రోడ్డు వైపు చూస్తూ పోనియ్యటమే. ఎదర నుంచి హైబీమ్ కొడుతున్నాడంటే నేనైతే ఎడం పక్కకి తీసి ఆగిపోతాను, వాడు పోయాకే కదుల్తాను. అబ్బే అంత భయమా అని మా ఫ్రెండ్స్ నవ్వుతారు, నవ్వుకోనీ.

హెల్మెట్‌కి గీతలు పడ్డాయన్నావు, నేలకి కొట్టుకుంటే మార్చెయ్. లోపల ధర్మోకోల్ లాంటిది ఒకసారి నలిగితే మళ్లీ లేవదు, పైకి బానే కనపడుద్ది. కొత్తది కొంటే ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 4151 ఉందో లేదో చూసి కొను, రోడ్డు పక్కన స్టిక్కర్ అంటించి అమ్మేవి వద్దు.

పాలసీ బాబాయ్:
క్లెయిమ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ఎన్సీబీ మొత్తం ప్రీమియం మీద ఉండదు బాబూ, ఓన్ డ్యామేజ్ (మన బండి రిపేర్లకి కట్టే) ప్రీమియం మీద మాత్రమే, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి కట్టే) ముక్కకి దానికి సంబంధం లేదు. టూ వీలర్‌కి ఆ ఓన్ డ్యామేజ్ భాగం చిన్నదే కాబట్టి పోయే డిస్కౌంట్ ఎంతో నీ పాలసీ కాయితం తీసి లెక్కెయ్యి. అయితే క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది సున్నా నుంచి మొదలవుద్ది, మళ్లీ 20, 25, 35 అని ఎక్కాలి, అది కూడా కలుపుకో. జీరో డెప్ (అరుగుదల కొయ్యకుండా ఇచ్చే కవర్) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు సామాన్లకి సగమే ఇస్తారు, ఇనప వాటికి బండి వయసుని బట్టి కోస్తారు. లివరూ గేర్ రాడ్డూ అయితే నా మాట విని చేతి డబ్బులతో కానిచ్చెయ్. ఫోర్కులు, రిమ్ము దాకా వెళ్తేనే క్లెయిమ్ ఆలోచించు, అప్పుడు కూడా ముందు కంపెనీకి చెప్పి, ఫోటోలు తీసి, వాళ్లు చూశాకే రిపేర్‌కి విప్పించు. విప్పేశాక చెప్తే పేచీ పెడతారు. 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటది కదా అని కొందరు అడుగుతారు, అది ప్రాణం పోతేనో శాశ్వత వైకల్యం వస్తేనో, హాస్పిటల్ బిల్లులకి కాదు.

హుస్నాబాద్ పిల్లగాడు:
అందరికీ థాంక్స్. సిస్టర్ చెప్పిన కాడ నొక్కి చూసిన, కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఆర్థో సార్ దగ్గరికి పోతే ఎక్స్‌రేల ఏం కనవడలే గని అనుమానం ఉందని బొటనవేలితో సహా పట్టీ ఏసిండు, మళ్లా రమ్మన్నడు. టీటీ కూడ అయింది. బండి మా బామ్మర్ది నడుపుకుంట మెకానిక్ కాడికి తీస్కపోయిండు, శీనన్న చెప్పినట్టే టీ కాడ మెలిక, బోల్టులు లూజ్ చేసి కొడితే సెట్ అయింది, రాడ్లు సీదానే ఉన్నయి. క్లెయిమ్ పెడ్తలేను. రైతన్న, ఆ ఊరి వాట్సాప్ గ్రూపుల మా దోస్తు ఉంటే పట్టా ఫోటో పెట్టించిన, పేర్లు ఏం పెట్టలే, రాత్రిపూట తియ్యండ్రని మాత్రం రాసిండు, సర్పంచ్ చూసిండట.

శీనన్నా ఒక డౌట్, క్లచ్ లివర్ కంపెనీది దొరకలే, లోకల్‌ది ఏస్కోవచ్చునా?

పానా శీను:
ఏస్కో గని పివట్ బోల్టు కాడ ఆట ఉందేమో చూస్కో, ఫ్రీ ప్లే (క్లచ్ పట్టకముందు లివర్ కదిలే సందు) సెట్ చేపించు. ఎట్లాగూ పట్టీ ఉన్నన్ని దినాలు నువ్వు క్లచ్ పట్టేది లేదు కద.