కొత్త దుకాణం ఏడాది తిరగకముందే ఎందుకు మూతపడుతోంది? పాలమూరు, నల్లగొండ వాళ్లు మీ అనుభవాలు చెప్పండి

వనపర్తి_గానుగ
జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. మాది వనపర్తి పక్కన పల్లె. యాసంగిలో మా దిక్కు ఎటు చూసినా వేరుశనగే. పంట చేతికొచ్చాక వ్యాపారులు కొని బయటికి పంపుతారు, మేము మాత్రం ప్యాకెట్ నూనె కొనుక్కుంటాం. అందుకే కట్టె గానుగ పెట్టి పల్లీ నూనె తీసి అమ్మాలని ఉంది. మెషిన్, షెడ్డు, కరెంటు కనెక్షన్ వరకు నా దగ్గరున్న పైసలు సరిపోతాయి.

భయం ఎక్కడంటే, మా మెయిన్ రోడ్డు మీద కొత్తగా తెరిచిన షాపులు చాలావరకు మళ్లీ కిరాయికి బోర్డు పెట్టి కనిపిస్తున్నాయి. వాళ్లంతా కష్టపడ్డవాళ్లే, పొద్దున ఆరింటికే షట్టర్ ఎత్తేవాళ్లు. మరి ఎక్కడ దెబ్బ తగులుతోంది? నడుపుతున్నవాళ్లు, మూసినవాళ్లు, దగ్గర నుంచి చూసినవాళ్లు చెప్పండి. ధైర్యం చెప్పకపోయినా ఫర్వాలేదు, లెక్కలు చెప్పండి.

సూర్యాపేట_టిఫిన్స్
తమ్ముడూ, "మెషిన్ వరకు పైసలు సరిపోతాయి" అన్నావు చూడు, ఆ మాట దగ్గరే ఆగు. మా రోడ్డులో మూతపడ్డ హోటళ్లన్నీ ఆ లెక్కతోనే మొదలయ్యాయి. షట్టర్‌కు అడ్వాన్స్, ఫాల్ సీలింగ్, అద్దాల తలుపు, లైట్ల బోర్డు, ఓపెనింగ్ రోజు భోజనాలు. తెరిచేనాటికి చేతిలో ఏమీ మిగలదు. మొదటి వారం చుట్టాలు, దోస్తులు వచ్చి తింటారు. ఆ తర్వాత అసలు గిరాకీ అలవాటు పడటానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో కిరాయి, మాస్టర్ జీతం, గ్యాస్ ఎక్కడి నుంచి కడతావు?

ఇంకో మాట. హైదరాబాద్–విజయవాడ దారిలో మా ఊరు దాదాపు మధ్యలో ఉంటుంది కాబట్టి సంక్రాంతికి కార్లు బారులు తీరుతాయి. ఆ రద్దీ చూసి ఒకాయన హైవే మీద పెద్ద హోటల్ పెట్టారు. పండుగ వారం చూసి టేబుళ్లు వేశారు, మామూలు మంగళవారం నాడు వాటి కిరాయి కట్టలేకపోయారు. ఏ వ్యాపారమైనా అతి సాదా రోజు ఎంత నడుస్తుందో చూసి లెక్క వేసుకోవాలి.

మేము బండితో మొదలుపెట్టాం. ఆరు నెలల కిరాయి, జీతాలు పక్కన పెట్టగలిగాకే షట్టర్ తీసుకున్నాం.

నల్లగొండ_రిటైర్డ్_బ్యాంకు
సూర్యాపేట అక్క చెప్పినట్టు రోజువారీ నడపడానికి పక్కన ఉంచుకునే పైసలనే బ్యాంకు భాషలో వర్కింగ్ క్యాపిటల్ అంటాం. మన ఊళ్లలోనే ఇలా అవుతోందని దిగులుపడకండి. అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంకాల ప్రకారం అక్కడ కొత్తగా పెట్టిన సంస్థల్లో సుమారు ఐదింట ఒకటి మొదటి ఏడాదిలోనే పోతుంది, ఐదేళ్లకు దాదాపు సగం మిగలవు.

నా సర్వీసులో చూసిన పెద్ద పొరపాటు సబ్సిడీని చేతికొచ్చే డబ్బు అనుకోవడం. కొత్త యూనిట్లకు బ్యాంకు అప్పు మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీ కింద గ్రామాల్లో జనరల్ కేటగిరీకి 25 శాతం, ప్రత్యేక కేటగిరీలకు 35 శాతం సబ్సిడీ అని విని వస్తారు. ఆ సొమ్ము మీ పేరున బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది. యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాకే అప్పులో సర్దుతారు. ఈలోపు మూసేస్తే అది వెనక్కి పోతుంది. మీ వాటాగా 10 శాతం, ప్రత్యేక కేటగిరీ అయితే 5 శాతం ముందే పెట్టాలి. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర అప్పుల్లో శిశు 50 వేల వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. తాకట్టు లేదంటే కట్టనక్కర్లేదని కాదు, ఎగ్గొడితే సిబిల్ స్కోరు, అంటే అప్పులు కట్టిన రికార్డు, పాడై తర్వాత ఇంటి లోన్ కూడా రాదు. ఇప్పుడు ఏ పథకం ఏ నిబంధనలతో నడుస్తోందో జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి అడగండి, మధ్యవర్తికి కమిషన్ ఇవ్వకండి.

పైసలు ఆగిపోయినప్పుడు చాలామంది డైలీ ఫైనాన్స్‌కు పోతారు. చేతికి 9 వేలు ఇచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తారు. వెయ్యే కదా అనిపిస్తుంది. అసలు రోజురోజుకూ తగ్గుతున్నది కాబట్టి ఏడాది మిత్తి కట్టి చూస్తే నూటికి 70 దాటుతుంది. ఇడ్లీ బండి మీద, కూరగాయల మీద అంత మిగులు ఎవరికీ ఉండదు. ఇందులో దిగిన చిన్న షాపు తిరిగి తేరుకోవడం నేను చాలా అరుదుగా చూశాను.

పెబ్బేరు_నూనె_మిల్లు
నీ లైన్‌లోనే ఉన్నాను తమ్ముడూ, సూటిగా లెక్క చెప్తా. రేట్లు అటుఇటు అవుతాయి, పద్ధతి చూడు.

లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల ఒలిచిన పల్లీలు పడతాయి. కిలో 120 అనుకో, 300 అయింది. నూనె తీశాక మిగిలే పల్లీ చెక్క కిలోన్నర దాకా వస్తుంది, పశువుల దాణాకు కిలో 40కి అమ్మితే 60 వెనక్కి. అంటే 240. సీసా, మూత, లేబుల్ 15. కరెంటు, కూలి, కిరాయి లీటరుకు 60 వేసుకో. మొత్తం 315. నువ్వు 380కి నేరుగా అమ్మితే 65 మిగులుతుంది. బాగానే ఉందనిపిస్తుంది.

ఇప్పుడు అదే సీసా కిరాణా షాపులో పెట్టు. వాళ్లు 15 శాతం అడుగుతారు, అంటే 57. నీకు మిగిలేది 8 రూపాయలు. ఏడాది అమ్మకాలు 20 లక్షలు దాటితే మన రాష్ట్రంలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, వంటనూనె మీద 5 శాతం. రోజుకు 15 లీటర్లు అమ్మినా ఆ గీత దాటేస్తావు. రైతు దగ్గర నేరుగా కొన్న పల్లీలకు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను తగ్గింపు, రాదు. ఆ పన్ను నీ 8 రూపాయల్లోంచే పోవాలి, అంటే సీసా సీసాకు నష్టం. గిరాకీ పెరిగే కొద్దీ మునిగే మిల్లులు ఇలా తయారవుతాయి. షాపు కమిషన్, పన్ను కలుపుకునే మొదటి రోజు రేటు పెట్టు. తర్వాత పెంచితే కొనేవాళ్లు ఒప్పుకోరు.

రెండోది సరుకు. మన దగ్గర పల్లీ యాసంగి కోతల్లో, అంటే జనవరి నుంచి కొన్ని నెలలే అగ్గువకు దొరుకుతుంది. రోజుకు 15 లీటర్ల చొప్పున ఆరు నెలల సరుకు కొనిపెట్టాలంటే 67 క్వింటాళ్ల పల్లీలు, ఎనిమిది లక్షల పైమాట. మెషిన్ కంటే దాంట్లో పోసే సరుకుకు ఎక్కువ పైసలు కావాలి. నువ్వు రాసిన లెక్కలో ఇది కనిపించలేదు.

నూనె విడిగా క్యాన్లలోంచి పోసి అమ్మొచ్చనుకోకు. ఆహార భద్రత నిబంధనల ప్రకారం వంటనూనె ప్యాక్ చేసే అమ్మాలి, ఫుడ్ లైసెన్స్ నంబరు లేబుల్ మీద ఉండాలి.

మిర్యాలగూడ_స్పేర్స్
మాది రైస్ మిల్లులకు విడిభాగాలు తయారుచేసే చిన్న వర్క్‌షాప్. ఇన్ని మిల్లులున్న ఊళ్లో ఆర్డర్లకు కరువు లేదు. మా పక్కనున్న ఒక వర్క్‌షాప్ ఆర్డర్లు నిండుగా ఉండగానే మూతపడింది. ఇనుము నగదుకు కొన్నారు, కూలీలకు శనివారం శనివారం ఇచ్చారు, మిల్లుల నుంచి మాత్రం సీజన్ అయ్యాక వస్తాయన్నారు. పుస్తకంలో లాభం ఉంది, గల్లాలో పైసా లేదు.

ఉత్పత్తి చేసేవాళ్లు, సర్వీసు చేసేవాళ్లు ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించుకోండి, ఫీజు లేదు. చిన్న సంస్థల కోసం చేసిన 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థకు 45 రోజుల్లోపు చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఆదాయపు పన్నులో కూడా 2023-24 లెక్కల నుంచి, గడువు దాటి మార్చి ఆఖరుకు కూడా కట్టని బిల్లును కొన్నవాళ్లు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేరు. మేము కేసు వేయలేదు. బిల్లు మీద ఉద్యం నంబరు, గడువు తేదీ అచ్చు వేయించాక మార్చి నెలలో వాళ్ల ఆడిటర్లే ఫోన్ చేస్తున్నారు. ఒకటి గుర్తుంచుకోండి, కొని అమ్మే వ్యాపారులకు ఈ ఆలస్యపు చెల్లింపుల రక్షణ వర్తించదు.

వనపర్తి_గానుగ
పెబ్బేరు అన్నా, మీ లెక్క రాత్రి కాగితం మీద వేసుకున్నా. నేరుగా అమ్మినా రోజుకు 15 లీటర్లు పోతేనే నెలకు 29 వేల చిల్లర. ఇప్పుడు నాకొచ్చే జీతం కంటే పెద్ద తేడా లేదు. సీసా రేటు మళ్లీ వేయాలి.

ఒక డౌట్. పల్లెల్లో ఉద్దెర ఇవ్వకపోతే ఎవరు కొంటారు? అందరికీ పంట పైసలే కదా.

దేవరకొండ_కిరాణం
ఉద్దెర పూర్తిగా బంద్ పెడితే మన ఊళ్లలో షాపు నడవదు, ఇది నిజం. మా నాన్న కాలం నుంచి చూస్తున్నా. కానీ ఎవరికి, ఎంత, ఎప్పటిదాకా అన్నది నువ్వు నిర్ణయించాలి. మేము ఇంటికి ఒక పరిమితి పెట్టాం. పాత బాకీలో సగమైనా కట్టాకే కొత్త సరుకు. పత్తి అమ్మిన వారంలో ఇంటికి వెళ్లి పలకరిస్తాం. అప్పుడు అడిగితే ఎవరూ కోపం తెచ్చుకోరు, నెల తర్వాత అడిగితే ఆ పైసలు పెట్టుబడికి పోయి ఉంటాయి. కొత్త షాపువాళ్లు మొహమాటానికి అందరికీ రాస్తారు. బాకీ పెరిగినవాళ్లు ఆ షాపు ముందు నుంచి నడవడమే మానేస్తారు. పైసలతో పాటు గిరాకీ కూడా పోతుంది.

ఇంకా, గల్లాలోంచి ఇంటి ఖర్చుకు తీయకు. నెలకు ఇంత అని జీతంలా తీసుకో. మా బజారులో ఒక మంచి చెప్పుల షాపు చెల్లెలి పెళ్లి చేశాక లేవలేదు. పెళ్లి చేయడం తప్పని ఎవరంటారు? ఆ సరుకు పైసలు తనవి కావని, హోల్‌సేల్ వాళ్లవని ఆ పిల్లగాడికి ఎవరూ చెప్పలేదు.

గద్వాల_జరీ
చీరల్లో ఇంకో రకం దెబ్బ. అమ్ముడుపోని స్టాక్. మా గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు, నేతకు రోజులు పడుతుంది, నేసినవాళ్లకు వెంటనే పైసలు ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో మొదలుపెట్టిన ఆడపిల్లలు ఫొటోల కోసమని రంగుకొకటి కొనిపెట్టుకుంటారు. శ్రావణంలో బాగా పోతాయి. ఆషాఢం, మూఢం వచ్చినప్పుడు ముహూర్తాలు ఉండవు, చీరలు బీరువాలోనే. క్యాష్ ఆన్ డెలివరీ పెడితే తలుపు దగ్గర వద్దన్న పార్సిళ్లకు రానుపోను కొరియర్ ఖర్చు మనదే. నేను ఇప్పుడు నమూనా చీరలు మాత్రమే ఉంచుకుని, సగం అడ్వాన్స్ వచ్చాకే మగ్గం మీదికి ఎక్కిస్తాను. ఆలస్యమవుతుందని కొందరు పోతారు, పోనీ.

నల్లగొండ_డెలివరీ
లాక్‌డౌన్‌లో మేం నలుగురం సరుకులు ఇంటికి చేర్చే యాప్ పెట్టాం. ఆ నెలల్లో ఫోన్ ఆగేది కాదు. బజార్లు తెరవగానే జనం మళ్లీ ప్రకాశం బజార్‌కే నడిచారు. సరుకు చూసి, బేరమాడి కొనడం వాళ్లకు ఇష్టం. డిస్కౌంట్ ఇస్తే ఆర్డర్లు వచ్చేవి, ఆపితే ఆగేవి. గురుగ్రామ్ నుంచి నడిచిన సరుకుల యాప్ పెప్పర్‌ట్యాప్ అంత పెట్టుబడి ఉండి కూడా 2016లో డెలివరీ ఆపేసింది, అక్కడా ప్రతి ఆర్డర్ మీద నష్టమే. జనానికి నిజంగా ఇబ్బంది ఉందా, లేక మనకే ఉందనిపిస్తోందా అన్నది తేల్చుకున్నాకే పైసలు పెట్టాలని నా అభిప్రాయం.

పాలమూరు_జిమ్
పొత్తుల గురించి ఎవరూ ఎత్తలేదు. మహబూబ్‌నగర్‌లో మా జిమ్ ఇద్దరం కలిసి పెట్టాం. పైసలు ఒకరివి, పని ఒకరిది. నష్టం వచ్చినప్పుడు గొడవ రాలేదు, లాభం మొదలైన నెలలో వచ్చింది. పని చేసేవాళ్లకు జీతం లెక్కకట్టాలా, మెషిన్ల తరుగు ఎవరిది, ఒకరు తప్పుకుంటే ఎంత ఇవ్వాలి, ఏదీ రాసుకోలేదు. దోస్తుల మధ్య కాగితాలేంటని అందరూ అంటారు. దోస్తానా మిగలాలంటేనే కాగితం కావాలి. పొత్తు ఒప్పందం (డీడ్) రాసుకుని రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌లో రిజిస్టర్ చేయించండి. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం రిజిస్టర్ కాని ఫర్మ్ తన బాకీల కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు.

నాగర్‌కర్నూల్_జిరాక్స్
చోటు కూడా చూసుకోవాలి. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక ఆఫీసుల చుట్టూ షట్టర్ల కిరాయిలు పెరిగాయి. ఆ ఆఫీసులు తర్వాత ఊరి బయట కట్టిన కొత్త కలెక్టరేట్లకు మారాయి, పాత చోట ఎక్కువ అడ్వాన్స్ కట్టినవాళ్లు ఇరుక్కున్నారు. కిరాయి అగ్రిమెంట్‌లో ఎన్ని నెలల నోటీసుతో ఖాళీ చేయొచ్చు, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు అన్నవి రాయించుకోండి.

వనపర్తి_గానుగ
అందరికీ దండాలు. ఉద్యోగం వదలట్లేదు, మెషిన్ ఇప్పుడే కొనట్లేదు. పక్క ఊళ్లో ఉన్న గానుగలో కూలికి ఆడించుకుని, సీసాలు నా పేరుతో కంపెనీలో తోటివాళ్లకు అమ్మి చూస్తా. రెండోసారి అడిగి కొన్నవాళ్లు ఎంతమందో రాసుకుంటా, మొదటిసారి కొన్నది నా మొహం చూసి కావచ్చు. ఆడించడం వేరేవాళ్లదైతే లైసెన్స్ నాకు కూడా కావాలా? పల్లీలు ఎలా నిల్వ పెట్టాలి?

పెబ్బేరు_నూనె_మిల్లు
కావాలి. నీ పేరు లేబుల్ మీద ఉంటే నీకూ ఫుడ్ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే, ఆ గానుగవాళ్లకు ఉందో లేదో కూడా చూసుకో.

కాయలుగానే కొను, ఒలిచినవి తొందరగా పాడవుతాయి. క్వింటాల్ కాయలకు 65 నుంచి 70 కిలోల పల్లీలు వస్తాయి, కొనేముందు ఒక కిలో ఒలిపించి తూకం వేసి చూడు. తేమ ఎనిమిది శాతం లోపు ఉండాలి. మించితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది, నూనె చేదెక్కుతుంది. బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో పేర్చు. ఈసారి రెండు మూడు క్వింటాళ్లే కొను. కోతలు మొదలయ్యాక మా మిల్లుకు రా, తేమ మీటర్ చూపిస్తా. మంచి కాయ ఎవరి కల్లంలో ఉందో కూడా చెప్తా.