బత్తాయికి యూరియా పూర్తిగా మానేస్తే కాపు నిలుస్తుందా?

ఎర్రచెల్క: మాది నల్గొండ వైపు. పదేళ్ల బత్తాయి తోట. ఈసారి యూరియా ముట్టకుండా పశువుల ఎరువు, జీవామృతంతోనే నడపాలనుకుంటున్నా. చేసినవాళ్లు చెప్పండన్నా.

లెక్కల_మాస్టారు: కాపుకొచ్చిన చెట్టుకు ఏడాదికి కిలోన్నర నత్రజని ఇమ్మని సిఫారసు. యూరియాలో 46 శాతం ఉంటుంది, మూడుంపావు కిలోలతో సరి. మాగిన పశువుల ఎరువులో ఉండేది దాదాపు అర శాతం. అంటే చెట్టుకు 300 కిలోలు. ఎకరాకు వంద చెట్లంటే 30 టన్నులు. ట్రాక్టర్లొచ్చాక ఊళ్లో గొడ్లెక్కడున్నాయి? ఇక జీవామృతం అంటారా, 200 లీటర్ల నీళ్లకు పది కిలోల పేడ. అందులో నత్రజని ఎంతో మీరే లెక్కేసుకోండి.

పాదు_తవ్వినోడు: మాస్టారూ, జీవామృతం ఎరువు కాదు, పాలకు తోడులాంటిది. చెంచాడు చాలు, కానీ పాలుండాలి. నేలలో చివికే సరుకుంటేనే పని చేస్తుంది. మా తోటలో పాదు తవ్వి చూస్తే పీచు వేళ్లు నల్లబడి ఉన్నాయి. లాగితే తొక్క ఊడొచ్చి లోపల దారంలాంటి పోగు మిగిలింది. అదంతా యూరియా దెబ్బే.

లెక్కల_మాస్టారు: అది వేరుకుళ్లు, ఫైటోఫ్తోరా అనే బూజు పని. చెట్టు మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే వస్తుంది. మొదలుకు నీళ్లు తగలకుండా రెండు కట్టల డబుల్ రింగు పాదులు చేశారా? యూరియాను ఆడిపోసుకోవడం దేనికి?

చీనీ_కాయ: వేపపిండి అని కొన్న బస్తాలో సగం ఇసుకే. సేంద్రియం అంటేనే ఒళ్లు మంట నాకు.

హార్టికల్చర్_థర్డ్ఇయర్: ఆ సిఫారసులోనే నత్రజని పావు వంతు పశువుల ఎరువుగా, పావు వంతు పిండిచెక్కగా (నూనె తీసిన గింజల పిప్పి), మిగతా సగమే రసాయన ఎరువుగా ఇమ్మని ఉంది సార్.

పాదు_తవ్వినోడు: 300 కిలోల దగ్గరే ఆగిపోయారు మీరు. జనుము, పిల్లిపెసర చల్లి కలియదున్నితే నత్రజని రాదా?

లెక్కల_మాస్టారు: వస్తుంది. కిలోన్నర వస్తుందా? అది చెప్పండి.

పాదు_తవ్వినోడు: మళ్లీ కిలోన్నర! మీరు తోటలు గుత్తకు పడతారని మీరే రాశారోసారి. మా తోటను చంపింది మీలాంటి గుత్తదారే. యూరియా గుప్పించి, చెట్టు మోయలేనంత కాపు దింపుకుని, కొమ్మలు ఎండే వేళకు మూట సర్దేశాడు.

లెక్కల_మాస్టారు: అసలు కోపం ఇదన్నమాట. గుత్త డబ్బు పూతకు ముందే కట్టించుకుంటారు మీరు. పెంట తోలిన ఫలితం మూడో ఏడు కనబడితే, అప్పటికి నేను తోటలో ఉంటానని కాగితం రాసిస్తారా? సేంద్రియం కాయ అని మా మార్కెట్లో పైసా ఎక్కువివ్వరు. టన్నుకింత అని తూకంలో తీసేసే సూట్ కోత మాత్రం అందరికీ ఒకటే.

పాదు_తవ్వినోడు: ఐదేళ్లకు రాసిస్తా. పెంట ఖర్చులో సగం నాది. యూరియా బస్తా గట్టు దాటకూడదు.

లెక్కల_మాస్టారు: ఐదేళ్లకు సరే. యూరియా సగానికి తగ్గిస్తా. బొత్తిగా మానను.

పాదు_తవ్వినోడు: అయితే కుదరదు.

ఎర్రచెల్క: అన్నలూ, నా తోట గుత్తకివ్వలేదు, నేనే చేసుకుంటున్నా. మీ వైపు ట్రాక్టర్ పెంట ఎంతకు పడుతోందో చెప్పండి ముందు.