క్యాట్ ఫ్లాప్ అంటే బెదిరిపోతున్న పిల్లికి ఎలా అలవాటు చేయాలి?

ప్రశ్న (రీడింగ్, ఇంగ్లండ్)

అందరికీ నమస్కారం. మా పిల్లి పేరు చిట్టి. ఆడపిల్లి, మూడేళ్లు ఉంటాయి, షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. మొదటి నుంచీ పిరికిదే. డోర్‌బెల్ మోగితే చాలు, మంచం కిందికి దూరిపోతుంది. ఈమధ్యే ఇల్లు మారాం. కొత్త ఇంట్లో వంటింటి వెనక తలుపుకి ముందున్నవాళ్లు పెట్టించుకున్న క్యాట్ ఫ్లాప్ (పిల్లి తోసుకుని వచ్చిపోయే చిన్న తలుపు) ఉంది. పిల్లి చర్మం కింద వేసే మైక్రోచిప్‌ని చదివి తాళం తెరుచుకునే రకం. చిట్టి చిప్ నంబర్ దానికి ఎక్కించాం కూడా. చిట్టి దాని దగ్గరికి వెళ్లి చాలాసేపు వాసన చూస్తుంది. తల కాస్త లోపలికి పెట్టగానే అదిరిపడి వెనక్కి పరిగెడుతుంది. మేమే తలుపు తీస్తే మాత్రం గుమ్మం దాకా వచ్చి తోటలోకి ఆశగా చూస్తూ నిలబడుతుంది.

ఇంటికొచ్చిన బంధువులొకరు "ఎత్తి ఒకసారి అందులోంచి బయటికి నెట్టండి, అదే నేర్చుకుంటుంది" అన్నారు. నాకు మనసొప్పలేదు. చలికాలం వస్తోంది, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, రోజూ తలుపు తీసిపెట్టి కూర్చోలేం. దీనికి ఎలా నేర్పించాలో తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

జవాబు (లీడ్స్)

మీ మనసు చెప్పిందే సరైనది. నెట్టకండి. ఒక్కసారి బలవంతంగా తోస్తే ఆ తలుపుకీ భయానికీ ముడి పడిపోతుంది. ఆ ముడి విప్పడానికి ఇప్పటికన్నా ఎంతో ఎక్కువ ఓపిక కావాలి. మా ఇంట్లో ఉన్నవి రెండూ షెల్టర్ పిల్లులే, అందులో ఒకటి అచ్చం మీ చిట్టి లాంటిది.

ముందు అది దేనికి భయపడుతోందో కనిపెట్టాలి. ఫ్లాప్ అంటే మనకు ఒకటే వస్తువు గానీ పిల్లికి అందులో చాలా ఉన్నాయి. ఇరుకైన కన్నం ఒకటి. వీపుకీ తోకకీ తగిలే, కన్నానికి వేలాడే రేకు ఇంకొకటి. తాళం తెరుచుకునేటప్పుడు వచ్చే టక్ అనే చప్పుడు మరొకటి. వీటన్నిటికీ తోడు అవతల ఏముందో అనే బెంగ. అందుకే కొన్ని ప్రశ్నలు అడుగుతున్నా. అది వెనక్కి దూకేది రేకు తగిలినప్పుడా, తగలకముందేనా? ఆ సమయంలో చప్పుడు వస్తోందా? తోటలోకి వేరే పిల్లులు వస్తుంటాయా? పాత యజమానులకి పిల్లులుండేవి కదా, ఆ ఫ్లాప్‌ని ఎప్పుడైనా కడిగారా?

కడగడం గురించి ఒక హెచ్చరిక. మన ఇళ్లలో అలవాటు కదా అని డెటాల్ గానీ ఫినాయిల్ గానీ వాడకండి. వాటిలో ఉండే ఫినాల్ జాతి రసాయనాలు పిల్లులకి విషం. కాళ్లకి అంటుకుంటే నాకేస్తాయి. బయోలాజికల్ అని రాసి ఉన్న బట్టల పౌడర్ కొద్దిగా గోరువెచ్చటి నీళ్లలో కలిపి తుడిచి, మంచి నీళ్లతో మళ్లీ తుడిచి ఆరనివ్వండి. వేరే పిల్లి వాసన పోవడానికి అది చాలు.

ప్రశ్న అడిగినవారు (రీడింగ్)

చాలా థ్యాంక్స్ అండీ. మీరు అడిగాక పొద్దున కూర్చుని గమనించాను. రేకు తగలకముందే వెనక్కి దూకుతోంది. సరిగ్గా టక్ అనగానే. ఇంకో సంగతి, నల్లటి గండుపిల్లి ఒకటి సాయంత్రాలు మా కంచె మీద కూర్చుంటుంది. ఫ్లాప్ కడగలేదు, ఇవాళే కడిగేస్తా.

జవాబు (లీడ్స్)

అయితే సగం సమస్య దొరికినట్టే. చాలా మైక్రోచిప్ ఫ్లాపులు లోపలికి వచ్చేటప్పుడు మాత్రమే చిప్ చదువుతాయి, బయటికి వెళ్లేటప్పుడు తాళం అడ్డం ఉండదు. మీకు లోపలి వైపు నుంచే చప్పుడు వస్తోందంటే మీది రెండు వైపులా చదివే రకం అయ్యుండాలి. మీ మోడల్ మాన్యువల్ ఒకసారి తిరగేయండి. పాత పిల్లుల నంబర్లు అందులో ఉండిపోయి ఉంటే అవి చెరిపేసి, చిట్టి నంబర్ ఒక్కటే మళ్లీ ఎక్కించండి. లేకపోతే ఆ ఇంటి పాత పిల్లి ఎప్పుడైనా వెతుక్కుంటూ వస్తే నేరుగా మీ వంటింట్లోకి వచ్చేస్తుంది.

ఇప్పుడు నేర్పే పద్ధతి. మొదట బ్యాటరీలు తీసేయండి. చప్పుడు ఉండదు. రేకుని పూర్తిగా పైకెత్తి గట్టి టేప్‌తో అంటించండి, మధ్యలో ఊడి మీద పడకూడదు. పడిందా, మళ్లీ మొదటికొస్తాం. ఇప్పుడది ఉత్త కన్నం. చిట్టి ఆకలి మీద ఉన్నప్పుడు, అంటే దాని భోజనం వేళకి కాస్త ముందు, ఇంట్లో గొడవ లేనప్పుడు మీరు ఒక పక్క, ఇంకొకరు మరో పక్క నేల మీద కూర్చోండి. ఉప్పూ కారం వేయకుండా ఉడకబెట్టిన చికెన్ ముక్కలు మా వాటికి బాగా పనిచేశాయి. డ్రీమీస్ (కొట్లో దొరికే పిల్లి చిరుతిండి) ఇష్టమైతే అవైనా సరే. ముక్కని మొదట కన్నానికి దూరంగా, తర్వాత అంచు మీద, ఆ తర్వాత అవతల పెట్టండి. తల పెట్టి వెనక్కి వెళ్లినా ముక్క ఇవ్వండి. పిలవండి గానీ చెయ్యి పట్టి లాగకండి. అది విసుక్కోకముందే మీరే ఆపేయండి. కొద్దికొద్దిగా రోజుకి రెండుమూడు సార్లు చేస్తే చాలు.

పిరికి పిల్లికి బయటికి వెళ్లడం కన్నా లోపలికి రావడం తేలిక. ఇల్లు దానికి తెలిసిన చోటు కదా. అందుకని మీరు తోడుగా ఉండి తలుపులోంచి తోటలోకి తీసుకెళ్లి, కన్నంలోంచి లోపలికి పిలిచి చూడండి. మావాడు అలాగే మొదలెట్టాడు.

కన్నంలోంచి తడబడకుండా వచ్చిపోతోందంటే టేప్ తీసి, రేకుని బట్టల క్లిప్పుతో సగం పైన నిలపండి. దూరాలంటే వీపుతో కాస్త నెట్టాలి, అంతే. అలా అలా కిందికి దించుతూ రండి. భయపడిన రోజు ఒక మెట్టు వెనక్కి వెళ్లండి, మరేం పర్లేదు. చివర్లో చాలా పిల్లులు ఆగిపోయే చోటు ఒకటుంది. రేకు అడుగున ఉండే అయస్కాంతం. గాలికి రేకు ఊగకుండా అది పట్టి ఉంచుతుంది, పిల్లికేమో తలుపు అతుక్కుపోయినట్టు అనిపిస్తుంది. ఆ దశలో రేకు కింద మడిచిన అట్టముక్క పెట్టి సన్నటి సందు ఉంచితే ముక్కుతోనో పంజాతోనో తోయడం త్వరగా పట్టుబడుతుంది.

చప్పుడుని విడిగా అలవాటు చేయండి, రెండూ కలపకండి. ఈ ఫ్లాపులకి కాలర్‌కి తగిలించే ట్యాగులు దొరుకుతాయి. ఒకటి కొని దాని నంబర్ కూడా ఎక్కించుకోండి. బ్యాటరీలు వేసి, చిట్టి గదిలో దూరంగా ఉన్నప్పుడు ఆ ట్యాగ్‌ని మీ చేత్తో కన్నంలో పెడితే టక్ అంటుంది. వెంటనే ఒక చికెన్ ముక్క. మళ్లీ టక్, మళ్లీ ముక్క. చప్పుడు వినగానే మీ వైపు ఆశగా చూడడం మొదలయ్యాక ముక్కని రోజురోజుకీ ఫ్లాప్‌కి దగ్గరగా వేస్తూ రండి. ఇందులో తొందర వద్దు.

జవాబు (బర్మింగ్‌హామ్)

లీడ్స్ వారు చెప్పినదంతా నిజం. ఆ గండుపిల్లి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి అక్కా. తల బయటికి పెట్టగానే ఎదురుగా ఇంకో పిల్లి కనబడితే ఎంత చికెన్ పెట్టినా ఏ పిల్లీ ముందుకు రాదు. మా అమ్మాయి పిల్లికి ఇదే అసలు కారణం. ఫ్లాప్ బయట రెండు పక్కలా పెద్ద పూలకుండీలు పెట్టాం. కన్నంలోంచి దిగగానే వాటి చాటున నిలబడి నాలుగు వైపులా చూసుకుని అప్పుడు కదులుతుంది. కన్నానికి ఎదురుగా మాత్రం ఏమీ పెట్టకూడదు, దారి మూసుకుపోతుంది. మీది కింది దాకా అద్దాలున్న తలుపైతే, కింది భాగానికి అవతలివైపు కనబడనివ్వని ఫిల్మ్ అంటించండి. గండుపిల్లి అద్దంలోంచి లోపలికి తేరిపార చూడడం ఆగుతుంది. అన్నం గిన్నె ఫ్లాప్ పక్కనే ఉంటే అక్కడి నుంచి తీసేయండి. తినేచోటు నిశ్చింతగా ఉండాలి దానికి.

ఎత్తు కూడా చూడండి. కన్నం అడుగు అంచు పిల్లి పొట్ట ఎత్తులో, సుమారు 15 సెంటీమీటర్లు, ఉంటే సుఖంగా దాటుతుంది. ఈ దేశంలో వెనక తలుపు బయట నేల పల్లంగా ఉండడం మామూలే. లోపలి నుంచి సరిగ్గా ఉన్నా బయటి నుంచి ఎక్కడానికి కష్టమవుతుంది. కదలని రాయి గానీ వెడల్పాటి చెక్క మెట్టు గానీ వేయండి. ఊగితే మళ్లీ బెదురుతుంది.

జవాబు (హైదరాబాద్)

మా అపార్ట్‌మెంట్‌లో బాల్కనీ దోమల జాలీ తలుపుకే చిన్న ఫ్లాప్ పెట్టించాం. బాల్కనీ అంతా వలతో కప్పేసి ఉంది కాబట్టి చిప్పూ తాళం అవసరం రాలేదు. మా పిల్లికి రేకు వీపుకి తగలడమే నచ్చేది కాదు. రేకు తీసేసి పాత నూలు చీర ముక్కని తెరలా కొన్ని రోజులు కట్టాం. మెత్తగా వీపు మీదుగా జారేది తగలడం అలవాటయ్యాక రేకు పెట్టినా పట్టించుకోలేదు. పాత గుడ్డతో పిల్లి బుగ్గలు నిమిరి ఆ గుడ్డని ఫ్లాప్ అంచులకి రుద్దండి. దాని వాసన దానికి ధైర్యం.

ప్రశ్న అడిగినవారు (రీడింగ్)

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. బ్యాటరీలు తీసేసి, రేకు పైకి కట్టేశాను. చిట్టి కన్నంలో ముందు కాళ్లు పెట్టి ముక్క తిని వెళ్లింది, పరిగెత్తలేదు! పూలకుండీలు ఈ వారాంతంలో తెస్తాం. ఇంకో రెండు సందేహాలు. కొత్త ఇంటికి వచ్చాక ఎన్నాళ్లు లోపలే ఉంచాలి? దీపావళి, బాన్‌ఫైర్ నైట్ (నవంబర్ 5న ఇక్కడ టపాసులు కాల్చే రాత్రి) దగ్గర పడుతున్నాయి, అప్పటిదాకా ఆగమంటారా?

జవాబు (లీడ్స్)

ముందు కాళ్లు పెట్టిందంటే చాలా మంచి కబురు. ఇల్లు మారాక కనీసం మూడు వారాలు లోపలే ఉంచాలి, చిట్టి లాంటి పిరికిదానికి ఇంకొన్నాళ్లు ఎక్కువైనా నష్టం లేదు. ఇది తన ఇల్లే అని దానికి గట్టిగా తెలియకముందు బయటికి వదిలితే పాత ఇంటి వైపు వెళ్లిపోయే ప్రమాదం ఉంది. బయటికి పిలిచి నేర్పే పాఠం ఆ గడువు అయ్యాకే. ఈలోగా తలుపు వేసి ఉంచి, కన్నానికి అవతల ఎవరూ లేకుండా, చప్పుడు అలవాటు చేయడం, అంచు మీద ముక్కలు తినిపించడం వరకే చేయండి. రేకు పైకి కట్టినంతసేపూ పక్కనే ఉండండి, పాఠం అయిపోగానే దించి తాళం వేసేయండి.

టపాసులు ఒక్క నవంబర్ 5తో అయిపోవు, ముందూ వెనకా చాలా రాత్రులు మోగుతూనే ఉంటాయి. ఆ రోజుల్లో చీకటి పడకముందే ఫ్లాప్‌కి తాళం వేయండి, కర్టెన్లు దించండి, దాక్కోవడానికి మంచం కింద దుప్పటి వేసి వదిలేయండి. పెద్ద మోత విన్న మర్నాడు పాఠం పెట్టకండి. ఫ్లాప్ బాగా అలవాటయ్యాక కూడా ఇంట్లో లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాలకి పెట్టే పళ్లెం) ఉంచండి. వానకో గండుపిల్లికో భయపడి బయటికి వెళ్లలేని రోజులుంటాయి.

ఇంకొకటి, ఇది వెంటనే చేయండి. ఇంగ్లండ్‌లో 2024 జూన్ 10 నుంచి 20 వారాలు దాటిన పెంపుడు పిల్లులన్నిటికీ మైక్రోచిప్ తప్పనిసరి, లేకపోతే 500 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. చిట్టికి చిప్ ఎలాగూ ఉంది గానీ చిప్ వివరాల డేటాబేస్‌లో మీ పాత చిరునామా ఉండిపోయి ఉంటుంది. చిట్టి మొదటిసారి గుమ్మం దాటకముందే కొత్త చిరునామా, ఫోన్ నంబర్ అందులో మార్పించండి.