తోయదమండలాగ్రమున... గల్లంతై నా, అల్లంతై నా?

దేవరకొండ నుంచి: నిన్నటిసంది ఒక్క పాదం వదుల్తలేదు. మా తాత తాడు పేనుకుంట పోతన భాగవతంల వామనుడు పెరిగే పద్యం, ‘ఇంతింతై వటుడింతయై’ చదివేటోడు. ఇంతింతై అంటే చెయ్యి మోకాలి కాడ, నభోవీథి అంటే భుజం కాడ, రెండో పాదంల తాడు ఇడిచిపెట్టి చింతచెట్టు దిక్కు చెయ్యి చాపి ‘తోయదమండలాగ్రమున గల్లంతై’ అనేటోడు. వామనుడు మబ్బులల్ల కనబడకుంట పోయిండని చిన్నప్పుడు నాకు భయమయ్యేది. పుస్తకంల ‘నంతై తోయదమండలాగ్రమున కల్లంతై ప్రభారాశిపై’ అనున్నది, తోయదమండలం అంటే మబ్బుల గుంపు. ‘మునఁ గల్లంతై’ అనే పాఠం ఎవరన్న చూసిన్రా?

మిర్యాలగూడ నుంచి: గ కాదు, అసలు క కూడ కాదన్నా. అగ్రమునకు + అల్లంతై. రుజువు యతిలనే ఉన్నది, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ ఒక అక్షరం కలవాలె. ఈ పద్యం శార్దూల వృత్తం, అండ్ల యతి పదమూడో అక్షరం కాడ, ఈడ ‘ల్లం’, పాదం మొదట్ల ‘నం’. నకు, లకు మైత్రి లేదు. మొదటి పాదం చివరి ‘పై’తోని కలిపి పైన్ + అంతై, ఈడ అల్ల + అంతై అని విడగొడితేనే అకారానికి అకారం కలుస్తది. నాలుగో పాదంల కూడ అంతే, ‘హ్మాం’ కాడ బ్రహ్మ + అండ. గల్లంతు అని పెట్టినవంటే యతి పోతది. పోతన యతి తప్పుతడా?

నాగర్‌కర్నూల్ నుంచి: యతి సరే మేడం, తాత తప్పు సదివిండంటే మాత్రం నేనొప్పుకోను. మనం అంతను గంత అంటం, అల్లంత దూరంను గల్లంత దూరం అంటం. ఆయన నోట్ల గ మన మాట గ, గల్లంతు కాదు. వామనుడి లెక్క రూపం మార్చుడు గురించి అయితే మా దిక్కు గోన బుద్ధారెడ్డిని చదవున్రి, రంగనాథ రామాయణంల అహల్య కథ కాడ ఇంద్రుడు కోడయ్యి కూస్తడు, గౌతముడు తెల్లారిందనుకొని లేస్తడు. కామరూపం, కోరుకున్న రూపం ఎత్తుడు అంటే అదీ.

మిర్యాలగూడ నుంచి: కోడి కావుడు వేరు, వటుడు వటుడుగనే పెరుగుడు వేరు సార్. మారీచుడు లేడి అయితే రాక్షసుడు దాగుతడు. ఈడ ఏదీ దాగదు. దీని ఎంబడి ‘రవిబింబం’ పద్యం చూడున్రి, సూర్యుడు ముందు గొడుగు, తర్వాత శిరోరత్నం, చెవి కమ్మ, మెడల సొమ్ము, భుజకీర్తి, కంకణం, మొలగంట, అందె, ఆఖరికి కాళ్లకింది పీట. తొమ్మిది మెట్లు. సూర్యుడు ఉన్నకాణ్నే ఉన్నడు, పెరుగుతున్నది పిల్లగాడు. పెరిగిండు అని ఒక్క క్రియ లేకుంట పెరుగుడు చూపించిండు, నాకైతే ఎన్నిసార్లు చదివినా ఒళ్లు జల్లుమంటది.

సూర్యాపేట నుంచి: అది మహిమ, పెద్దగ పెరిగే సిద్ధి, అష్టసిద్ధులల్ల ఒకటి. హనుమంతుడు పిల్లి అంత చిన్నగయ్యి లంకల చొచ్చింది అణిమ. కామరూపం మాట ఈడికెందుకొచ్చింది? ఇంకో మాట, రాచకొండ రాజు సింగభూపాలుడికి పోతన భాగవతం అంకితమియ్యనన్న కథ మా ఊళ్లె ఇప్పటికీ చెప్తరు. ఆ గుండె ధైర్యం ఉన్నోడే ఈ పద్యం రాయగలడు.

నాగర్‌కర్నూల్ నుంచి: అల్ల కాడికే వస్త. మిగిలిన కాడ వట్టి ‘అంతై’, మబ్బు కాడ మాత్రమే ‘అల్లంతై’. అల్ల అంటే వేలు పెట్టి చూపుడు, అల్లదె అన్నట్టు. అంటే చెప్పేటోడు బలి యజ్ఞశాలల కింద నిలవడి మెడ ఎత్తి చూస్తున్నడు. పొడుగు కాదు, దూరం. ఇది నా లెక్క.

మిర్యాలగూడ నుంచి: దూరమైతే మూడో పాదంల ‘చంద్రుని కంతయై’ ఏం జేస్తరు? అక్కడ కూడ ‘కు’ లెక్కనే ‘కి’ ఉన్నది, అల్ల లేదు. నా లెక్కల రెండు కాడలా ఎత్తే.

సూర్యాపేట నుంచి: యతి కోసం అల్ల వేసిండని ఎందుకనుకోవద్దు?

మిర్యాలగూడ నుంచి: పోతన యతి కోసం మాట వెయ్యడు సార్, మాట కాడికి యతినే వస్తది.

దేవరకొండ నుంచి: గ సంగతి తెల్సింది, సంతోషం. ఇప్పుడు నాకు తాత చెయ్యే యాదికొస్తున్నది. మోకాలు, భుజం కాడ అరచెయ్యి కిందికి పెట్టి ఎత్తు చూపెట్టిండు, చింతచెట్టు దిక్కు మాత్రం వేలు చాపిండు. చంద్రుని కాడ ఏం జేసేటోడో ఎంత తలుచుకున్నా వస్తలేదు. మీ ఇండ్లల్ల పెద్దలు ఈ పద్యం చదివితే ‘చంద్రుని కంతయై’ కాడ చెయ్యి ఎటు పోతదో ఒకసారి చూసి రాయున్రి.